మే నెల ఊరు, మిగతా నెలల హైదరాబాద్

ఈసారి ఉత్తరం రాజోలు వైపు ఒక ఊరి అబ్బాయిది. వయసు ఇరవై నాలుగు, ఇప్పుడు ఉండేది హైదరాబాద్ కొండాపూర్‌లో ఒక హాస్టల్లో. చాలా పెద్ద ఉత్తరం, ఊరి పేరూ కంపెనీ పేరూ తీసేసి విషయం వరకు చెప్తాను.

బీటెక్ అయ్యాక ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్‌లో చేరాడు. చేతికొచ్చేది ముప్పై వేల చిల్లర, అందులో హాస్టల్‌కీ ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐకీ పోగా ఎంతో కొంత ఇంటికి పంపుతాడు. నాన్నగారికి ఎకరం కొబ్బరితోట, దానికి తోడు కౌలుకి చేసే వరి. కాలేజీలో ఉన్నప్పుడే ఇంకో ఫ్రెండ్‌తో కలిసి ఊళ్లో హైస్కూల్లో పిల్లలకి సమ్మర్ క్యాంప్ మొదలెట్టాడు. ఫీజు లేదు. హెడ్మాస్టారు తాళాలు ఇస్తారు, ఎండ ముదరకముందే పొద్దున్న ఆరున్నరకి మొదలెట్టి తొమ్మిదిన్నరకి వదిలేస్తారు, మళ్లీ సాయంత్రం. ఇంగ్లీషు మాట్లాడ్డం, చెస్, కబడ్డీ, కథలు చదివించడం, ఊరి చివర చెరువులో ఈత. ఇన్నాళ్లూ వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి మధ్యలో ఆఫీసు పని చేసుకుంటూ మే నెలంతా లాక్కొచ్చేవాడు. ఇప్పుడు వారానికి ఐదు రోజులూ ఆఫీసుకి రావాల్సిందే అన్నారు, మేలో పది రోజులకి మించి లీవ్ ఇవ్వను అని టీమ్ లీడ్ తేల్చి చెప్పేశాడు.

ఉత్తరంలో రెండు ముక్కలు అతని మాటల్లోనే ఇస్తాను. మొదటిది: "అక్కా, ఒక పిల్లాడున్నాడు, వాళ్లమ్మ కువైట్‌లో ఇంటి పనికెళ్లింది, అమ్మమ్మ దగ్గర ఉంటాడు. నడుముకి రెండు ఎండు కొబ్బరికాయలు కట్టుకుని ఈత నేర్చుకున్నాడు. కాయలు తీసేసి మొదటిసారి అటు గట్టుకి వెళ్లిన రోజు నా ఫోన్ నుంచి వాళ్లమ్మకి వీడియో కాల్ చేశాను. ఆవిడ ఎవరిదో వంటింట్లో నిలబడి, గట్టిగా మాట్లాడకూడదేమో, చప్పుడు రాకుండా చప్పట్లు కొట్టింది." రెండోది: "ఇక్కడ నేను రోజంతా వెతికి సాఫ్ట్‌వేర్‌లో ఒక బగ్, అంటే తప్పు, పట్టి చూపిస్తే డెవలపర్ 'నాట్ రీప్రొడ్యూసిబుల్', అంటే మా దగ్గర ఆ తప్పు రావట్లేదు, అని రాసి మూసేస్తాడు, అంతే, ఆ రోజు అయిపోయినట్టు."

ఇప్పుడు ఫ్రెండ్ ఏమంటున్నాడంటే, నువ్వు ఉద్యోగం మానేసి వచ్చెయ్, చెరో రెండు లక్షలు పెట్టి క్యాంప్‌ని ఏడాదంతా నడిచే అకాడమీ చేద్దాం అని. అమ్మ ఏమంటోందంటే, ఊళ్లో కూర్చుంటే పిల్లనెవరిస్తార్రా అని. నాన్నగారు ఏమీ అనట్లేదు, అది ఇంకా భయంగా ఉందట. జూన్‌లో హైదరాబాద్ తిరిగొచ్చాక రెండు మూడు వారాలు మనిషిని కాను, తిండి సహించదు, నిద్ర పట్టదు, హాస్టల్ మేడెక్కి ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి అని రాశాడు. "రిజైన్ మెయిల్ డ్రాఫ్ట్‌లో ఉంది, పంపేయనా అక్కా?" ఇదీ ప్రశ్న.

తమ్ముడూ,

ముందు ఆ డ్రాఫ్ట్ సంగతి, ఎందుకంటే అది క్యాలెండర్ లెక్క, మనసుతో పనిలేదు. నీ ఆఫర్ లెటర్‌లో నోటీస్ పీరియడ్ తొంభై రోజులని నువ్వే రాశావు. ఏప్రిల్‌లో మెయిల్ కొడితే జూలై దాకా నువ్వు అదే కుర్చీలో కూర్చోవాలి, ఆ నోటీస్‌లో చాలాచోట్ల మామూలు లీవ్ కూడా ఇవ్వరు. అంటే క్యాంప్ కోసం రిజైన్ చేస్తే పోయేది ముందు ఈ ఏడాది క్యాంపే! బైఅవుట్ కట్టి ముందే బయటపడదామంటే మిగిలిన రోజుల జీతం ఎదురు కట్టాలి, మరి ఆ డబ్బు ఎక్కణ్ణుంచి, ఫ్రెండ్‌కి ఇస్తానన్న రెండు లక్షల్లోంచేగా. చెప్పకుండా వచ్చేస్తే రిలీవింగ్ లెటర్ రాదు, రేపు భీమవరంలోనో వైజాగ్‌లోనో ఉద్యోగం వెతుక్కున్నా అది అడుగుతారు. కాబట్టి మెయిల్ పంపాలా వద్దా అనేది ఈ మే నెలకి సంబంధించిన ప్రశ్నే కాదు. డిలీట్ చెయ్యమని అనట్లేదు, అలా ఉండనీ.

ఇక అసలు విషయం. నువ్వు ఉత్తరమంతా "ఊరా సిటీయా" అని రాశావు గానీ నేను చదివినంతలో అందులో మూడు వేరే వేరే విషయాలున్నాయి, అన్నీ కలిపి ఒకే ముడి వేసేశావు. క్యాంప్ ఒకటి, ఈ ఉద్యోగం ఒకటి, ఊళ్లో బతకడం ఒకటి. ఇందులో ఒకటి బావుంటే మిగతావీ బావుంటాయని రూలేం లేదు.

నీకు తెలిసిన ఊరు మే నెల ఊరు. మేలో మన డెల్టా ఎలా ఉంటుందో నాకు చెప్పక్కర్లేదు. దాళ్వా కోతలైపోయి, కాలవలు కట్టేసి, పొలం పనులు లేక మగాళ్లంతా అరుగుల మీదే ఉంటారు, హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ అందరూ దిగుతారు, ఏ ఇంట్లో చూసినా కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్లు, బండి మీద ముంజలు, వారానికో పెళ్లి. పిల్లలకి బళ్లు లేవు, నువ్వు పిలిస్తే అరవై మంది వస్తారు. నీకేమో నెల తిరిగేసరికి జీతం పడుతుంది, అమ్మ వండి పెడుతుంది, వచ్చిన ప్రతివాళ్లూ "మన వాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరు, అయినా పిల్లల కోసం వస్తాడు" అంటారు. ఈ "అయినా" అనే మాట ఉంది చూడు, అది నువ్వు హైదరాబాద్‌లో ఉన్నంతకాలమే. అదే మనిషి ఊళ్లోనే ఉండిపోయి పిల్లల దగ్గర నెలకి ఐదొందలు తీసుకుంటే "ట్యూషన్ మాస్టారు" అంటారు, అది తక్కువ పనని నేననట్లేదు, కానీ ఊరు నిన్ను చూసే చూపు మాత్రం మారుతుంది, దానికి నువ్వు సిద్ధమేనా?

అక్టోబరు ఊరు ఇంకో రకం. ముసురు పడితే వారం రోజులు బట్టలారవు, చేలో నీళ్లు దిగవు, తుపాను అనే మాట రాగానే నాన్నగారు తోటవైపే చూస్తూ కూర్చుంటారు. 1996 నవంబరు తుపానులో కోనసీమ తోటలు ఎలా పడిపోయాయో ఆయన చెప్పే ఉంటారు, 2025 అక్టోబరు చివర్లో మొంథా అయితే నువ్వే చూశావు, కనీసం ఫోన్లోనైనా. పిల్లలు బడి నుంచొచ్చేసరికి సాయంత్రం నాలుగు దాటుతుంది, ఆ తర్వాత వాళ్లకి చీకటి పడేదాకా ఉన్నది కాస్త టైమే. అంటే పగలంతా నువ్వేం చేస్తావు? నీ వయసువాళ్లు ఊళ్లో ఎంతమంది ఉంటారు? ఈ ప్రశ్నలకి నా దగ్గర జవాబు లేదు, నీ దగ్గరా లేదు, ఎందుకంటే చదువూ ఉద్యోగం మూలాన అక్టోబరులో నువ్వు ఊళ్లో వారానికి మించి ఉండి చాలా ఏళ్లయ్యింది కదా.

అందుకని నాకు మొదట తోచేది, ఈ మేలో నీకొచ్చే పది రోజులూ మేలోనే వాడుకో, కానీ దసరా తర్వాత ఇంకో పది పన్నెండు రోజులు లీవ్ పెట్టి, జీతం కోసినా సరే, ఊరెళ్లి ఉండి చూడు. పండక్కి కాదు, పండగ అయ్యాక. క్యాంప్ లేకుండా. పొద్దున్న లేచి నాన్నగారితో తోటకెళ్లు, తెల్లదోమ పట్టిన ఆకులు చూడు, అంబాజీపేట మార్కెట్లో కాయ రేటు ఎంతుందో ఆయనతో కలిసి కనుక్కో, సాయంత్రం ఓ పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి చదివించు. అప్పటికి కూడా రాత్రి పడుకునేటప్పుడు ఇదే కావాలి అనిపిస్తే ఆ కోరికకి బలం ఉన్నట్టు. మేలో అనిపించినదాన్ని నమ్మొద్దని కాదు, మేలో అందరికీ అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది ప్రతి ఏడూ.

ఇప్పుడు ఉద్యోగం. నీ బాధ ఊరు దూరమని కాదేమో అని నా అనుమానం. కొబ్బరికాయలు తీసేసిన పిల్లాడు అటు గట్టుకి చేరడం నీ కళ్లముందే జరిగింది, పొద్దున్న చేసిన పని ఫలితం తొమ్మిదిన్నరకి కనపడింది. ఆఫీసులో నువ్వు పట్టుకున్న బగ్ ఎవరిని కాపాడిందో నీకెప్పుడూ తెలీదు, తెలిసే ఏర్పాటే లేదు. ఇది సిటీ తప్పు కాదు, ఆ పని స్వభావం. హైదరాబాద్‌లో ఉంటూనే మనుషులకి ఎదురుగా ఉండే పనిలోకి మారొచ్చు, కొత్తగా చేరినవాళ్లకి ట్రైనింగ్ ఇచ్చే టీములుంటాయి, క్లయింట్‌తో మాట్లాడే సపోర్ట్ పనులుంటాయి, నీకు నేర్పడం వచ్చు కదా. లేదా ఊరికి దగ్గర చూసుకో: మన చుట్టూ భీమవరం, నరసాపురం, అమలాపురం, సూరంపాలెం, ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, ల్యాబుల్లోనూ ట్రైనింగ్ సెల్లుల్లోనూ మనుషులు కావాలి. జీతం తగ్గొచ్చు, బాగానే తగ్గొచ్చు, కానీ హాస్టల్ ఖర్చు ఉండదు, ఇంటి నుంచి బస్సులో వెళ్లిరావచ్చు. లోన్ ఎన్నేళ్లు మిగిలిందో నువ్వు రాయలేదు. ఆ లెక్క కాగితం మీద వేశాకే ఈ దారి గురించి ఆలోచించు, ఈఎంఐ రెండు నెలలు తప్పితే ఫోన్లు వచ్చేది నాన్నగారికి, హామీ సంతకం ఆయనదే కాబట్టి.

నిజంగా పిల్లలకి చెప్పడమే నీ పని అనిపిస్తే బీఎడ్ ఉంది. బీటెక్ వాళ్లకీ దాని ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసే వీలుంది, కోర్సు రెండేళ్లు, తర్వాత టెట్ అనే అర్హత పరీక్ష, తర్వాత ప్రభుత్వ టీచరు పోస్టులకి డీఎస్సీ. 2025లో మెగా డీఎస్సీకి 16,347 పోస్టులు ఇచ్చారు గానీ అంతకుముందు అభ్యర్థులు ఎన్నేళ్లు ఎదురుచూశారో మీ ఊళ్లోనే ఎవర్నైనా అడుగు, అవనిగడ్డలో కోచింగ్ తీసుకుని వయసు మీద పడ్డవాళ్లు తప్పకుండా ఉంటారు. ఒక చిక్కు కూడా ఉంది, నీ డిగ్రీ సబ్జెక్టుకి ఏ పోస్టు సరిపోతుందో నోటిఫికేషన్‌లో రూల్స్ చదువుకున్నాకే సీట్లో చేరు, చేరాక తెలుసుకుంటే రెండేళ్లు పోతాయి. ప్రైవేటు స్కూలైతే ఇంత వెయిటింగ్ ఉండదు, జీతం మాత్రం ఇప్పుడొచ్చేదాంట్లో సగం కూడా రాకపోవచ్చు.

అకాడమీ విషయంలో నేను కొంచెం కఠినంగా మాట్లాడతాను, ఏమనుకోకు. ఫ్రీ క్యాంప్‌కి అరవై మంది రావడం, ఫీజు కట్టి అరవై మంది రావడం ఒకటి కాదు. ఊరికే ఊహించుకునే బదులు అడగొచ్చు: ఈ క్యాంప్ ఆఖరి రోజు తల్లిదండ్రుల్ని పిలిచి, జూన్ నుంచి సాయంత్రం క్లాసులు పెడతాం, నెలకి ఐదొందలు, ఇష్టమైనవాళ్లు ఒక నెల అడ్వాన్స్ ఇవ్వండి అనండి. "మంచి పని చేస్తున్నావు బాబూ" అన్నవాళ్లని లెక్కపెట్టొద్దు, డబ్బు తీసి ఇచ్చినవాళ్లని లెక్కపెట్టు. ఇరవై ఐదు మంది ఇచ్చారనుకో, నెలకి పన్నెండు వేల ఐదొందలు. అందులో గది అద్దె, కరెంటు, చాక్‌పీసులూ పుస్తకాలూ పోతే మీ ఇద్దరికీ చెరో నాలుగు వేలు మిగలొచ్చు. ఇంకో సంగతి, కువైట్ తల్లి పిల్లాడి అమ్మమ్మ ఐదొందలు కట్టలేకపోతే నువ్వు వాణ్ని వెనక్కి పంపగలవా? పంపలేవు. మీ ఫ్రెండ్ పంపగలడేమో. అదే మీ ఇద్దరికీ మొదటి గొడవ అవుతుంది, రాసిపెట్టుకో. అందుకే డబ్బు పెట్టేముందు ఎవరెంత పెట్టారు, ఎవరు మానేస్తే ఎంత వెనక్కి, ఫీజు కట్టలేని పిల్లలు ఎంతమంది దాకా అని స్టాంపు పేపరు మీద రాసుకోండి. రాసుకుందాం అంటే అతను నొచ్చుకుంటే అది కూడా నీకు ఒక సమాచారమే. మొత్తం లెక్క చూసి కూడా చేద్దామనిపిస్తే చెయ్యి, కానీ మొదటి ఏడాది అతను ఊళ్లో నడుపుతాడు, నువ్వు ఉద్యోగంలో ఉంటూ డబ్బు సాయం చేస్తావు, అలా ఒక పద్ధతి కూడా ఉంది, అది నీ ఉత్తరంలో ఎక్కడా లేదు ఎందుకో.

పీఎఫ్ తీసి పెడదామని కూడా ఒక లైను రాశావు. వద్దులే. ఐదేళ్ల సర్వీసు నిండకముందు తీస్తే దానిమీద పన్ను పడొచ్చు, కొత్త ఉద్యోగానికి ట్రాన్స్‌ఫర్ చేసుకోవడమే నయం.

ఇక జూన్ సంగతి. క్యాంప్ అయ్యాక వారం పది రోజులు దిగులుగా ఉండటం మామూలే, సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొచ్చిన ప్రతివాడూ నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ దిగుతూనే ఆ మొహం పెట్టుకుని ఉంటాడు. కానీ నువ్వు రాసింది అది కాదు. తిండీ నిద్రా రెండు వారాలు దాటి పాడైతే, మేడ మీదకెళ్లి ఏడవడం దాకా వస్తే, అది ఊరి బెంగ అని పక్కన పెట్టేది కాదు. 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఈసారి జూన్ దాకా ఆగక్కర్లేదు కూడా. దీనికి ఉద్యోగం మానేయడం మందు అని ముందే తీర్మానించేసుకోకు, దిగులుగా ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయాలు దిగులు తగ్గించడానికే తీసుకుంటాం, తర్వాత వాటితో బతకాల్సింది మామూలు రోజుల్లో.

ఇంకోటి కూడా చెప్పాలి. ఇన్నాళ్లలో హైదరాబాద్ గురించి నీ ఉత్తరంలో ఉన్నది హాస్టల్, క్యాబ్, ఆఫీస్, లిఫ్ట్ దగ్గర లైను. ఒక్క మనిషి పేరు లేదు. రూమ్మేట్ ఏ ఊరివాడో కూడా రాయలేదు. కేపీహెచ్‌బీలో నిలబడి గట్టిగా "ఆయ్" అంటే పదిమంది వెనక్కి తిరుగుతారు, అంతమంది మనవాళ్లున్నారు అక్కడ! ఊరిని పదకొండు నెలలు తలుచుకుంటూ కూర్చుంటే సిటీ ఎవరికైనా బస్టాండులాగే ఉంటుంది. నీ ఆఫీసు చుట్టుపక్కల కట్టే టవర్ల పక్కన కూలీల రేకుల షెడ్లుంటాయి, వాటిల్లో పిల్లలుంటారు, శ్రీకాకుళం నుంచొచ్చినవాళ్లు, పాలమూరు వాళ్లు, ఒడిశా వాళ్లు. ఆదివారం రెండు గంటలు వాళ్లకి చెస్ నేర్పడానికి ఎవరి లీవూ అక్కర్లేదు, సైటు సూపర్‌వైజర్‌ని అడిగితే చాలు. బడిలో అయితే హెడ్మాస్టర్‌ని. ఇష్టం లేకపోతే మానెయ్, కానీ నేర్పడమే నీకు ఊపిరైతే అది ఊళ్లోనే దొరుకుతుందా, ఎక్కడైనా దొరుకుతుందా అనేది ఒక్క నెలలో తెలిసిపోతుంది.

అమ్మ మాట. ఊళ్లో ఉన్న అబ్బాయిలకి సంబంధాలు రావట్లేదన్నది ఆవిడ కల్పించింది కాదు, మన జిల్లాల్లో పొలం చేసుకునే కుర్రాళ్లని అడుగు చెప్తారు. ఆవిడతో వాదించి గెలవడం కుదరదు. "వచ్చేస్తున్నా" అని కాకుండా "దసరా అయ్యాక పన్నెండు రోజులు వచ్చి చూస్తా, అప్పటిదాకా ఉద్యోగంలోనే ఉంటా" అని చెప్పి చూడు, ఆవిడకి కాస్త ఊపిరాడుతుంది. నాన్నగారి దగ్గర మాత్రం తోటలో ఉన్నప్పుడు మాట్లాడు, ఇంట్లో కాదు, పని చేస్తూ మాట్లాడితే మగాళ్లు కొంచెం నోరు విప్పుతారు. ఆయనకి భయమేంటో తెలుసుకో, అప్పా, నీ భవిష్యత్తా, లేక తన తర్వాత ఈ తోట ఎవరు చూస్తారన్నదా. మూడోదే అయితే నువ్వు వస్తానంటే ఆయన లోపల సంతోషిస్తున్నాడేమో కూడా, ఎవరికి తెలుసు.

ఈ మే సంగతి చూద్దాం. పది రోజుల లీవ్‌కి ముందూ వెనకా శని ఆదివారాలు కలుపుకుంటే దాదాపు రెండు వారాలు వస్తుంది. మిగతా వారాంతాలు శుక్రవారం రాత్రి రైలెక్కి పాలకొల్లులో దిగి చించినాడ వంతెన మీదుగా వెళ్లి ఆదివారం రాత్రి తిరిగి రావడం చెయ్యొచ్చు, ఒకటి రెండుసార్లు బావుంటుంది, నాలుగు వారాలూ చేస్తే సోమవారం ఆఫీసులో నిద్రపోతావు, పైగా రిజర్వేషన్ అరవై రోజుల ముందే తెరుస్తారు కాబట్టి వేసవి రద్దీలో ఇప్పటికే వెయిటింగ్ లిస్టు నడుస్తూ ఉండొచ్చు. నేనైతే క్యాంప్‌నే రెండు వారాలకి కుదించేసేదాన్ని. నాలుగు వారాలే కావాలంటే మీ మొదటి బ్యాచ్ పిల్లలు ఇప్పుడు ఇంటర్లోనో పాలిటెక్నిక్‌లోనో ఉంటారు, చెస్, కథలు, కబడ్డీ వాళ్లకి అప్పజెప్పు. నువ్వు లేకుండా నడిస్తే నీకు కొంచెం చివుక్కుమంటుంది, అయినా పరవాలేదు.

ఈత మాత్రం అప్పజెప్పొద్దు. పిల్లలకి ఈత రావడం మన డెల్టాలో షోకు కాదు, ఇంటి ముందే కాలవ, అటు గోదావరి, జూన్‌లో కాలవలకి నీళ్లు వదలగానే మొదట దూకేది మీ క్యాంప్ పిల్లలే, సగం ఈత వచ్చినవాళ్లే ఎక్కువ దూకుతారు. నీళ్లలో నువ్వూ గట్టు మీద ఇంకో పెద్దవాళ్లూ ఉంటేనే క్లాసు, ఒక్కో విడతకి ఆరుగురికి మించి వద్దు, దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ తలలు లెక్కపెట్టాలి, తాడూ లారీ ట్యూబూ పక్కనే ఉండాలి, ఇంట్లోవాళ్ల సంతకం కాగితం మీద తీసుకోవాలి. నువ్వు ఊళ్లో లేని వారాల్లో ఈత క్లాసు లేదని బోర్డు మీద రాయించు, మీ ఫ్రెండ్‌కి ఈత వచ్చినా సరే, ఒక్కడే అరవై మందిని చూడలేడు. రిజైన్ సంగతి దసరా తర్వాత మాట్లాడుకుందాం, ఈ ఈత సంగతి అతనికి ఇవాళే ఫోన్ చేసి చెప్పు.